అల్లుళ్ళను పీకేసిన రోజు

"అక్కా, నా కంట్లో ఎవరో చిటికేసినట్టుంది!" అని చిన్నది చేతిలో చెంచా వదిలేసి నవ్వింది.

పెద్దక్క తన మెషిన్ మీంచి తల తిప్పలేదు. తిప్పితే ఒక చెంచా తగ్గుతుంది. "ఎవరే, నీ మొగుడా?" అంది. వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ నవ్వులో చిన్నది కూడా కలిసింది. అంతలోనే దాని నవ్వు ఆగిపోయింది. చెంచా కోసం కింద తడుముతోంది. చెంచా దాని కాలి దగ్గరే తళతళలాడుతూ పడి ఉంది. దాని చెయ్యేమో పక్కన గచ్చు మీద తిరుగుతోంది.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు, ఒకే షెడ్డుకి కూలికొచ్చారు. షెడ్డులో అందరికీ పెద్దామె పెద్దక్క, చిన్నామె చిన్నది. ఇంట్లో నీళ్ళ బిందె దగ్గర జుట్లు పట్టుకునేవాళ్ళు, షెడ్డులో మాత్రం పక్కపక్క మెషిన్లు అడిగి మరీ తీసుకున్నారు.

అక్కడి పని చెంచాల మీద హోటళ్ళ పేర్లు చెక్కడం. చెక్కేది ఉలి కాదు, లేజర్ వెలుగు. బీరువా అంత మెషిన్ లోపల చెంచా పెట్టి బొత్తాం నొక్కితే కాడ మీద పేరు పడుతుంది. ఆ వెలుగు కంటికి కనబడదు. ఎక్కడ పడబోతోందో చూపించడానికి ఒక ఎర్రచుక్క మాత్రం వెలుగుతుంది. ఎర్రచుక్కని చూసి అదే లేజర్ అనుకునేవాళ్ళు అందరూ. అసలు వెలుగుని ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మెషిన్‌కి ఒక మూత ఉంది. మూత తీస్తే మెషిన్ ఆగిపోవాలి. చేసినవాళ్ళు దాన్ని అలాగే చేశారు. కానీ మూత తీసి, చెంచా పెట్టి, మూత వేసి, మళ్ళీ తీసి చేస్తే కాంట్రాక్టరు చెప్పినన్ని చెంచాలు ఏ మనిషివల్లా కావు. అందుకని ఒక ఉపాయం పుట్టింది. మూత అంచున ఉన్న స్విచ్చికి చిన్న అయస్కాంతం ముక్క అంటిస్తే, మూత తెరిచి ఉన్నా పడే ఉందని మెషిన్ అనుకుంటుంది. ఆ ముక్కకి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు అల్లుడు. అంటుకుంటే వదలడు, ఒక్క పనీ చెయ్యడు, ఇంట్లో ఏం జరుగుతున్నా అంతా సవ్యంగానే ఉందని చెబుతాడు.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకి వాళ్ళను తీసుకొచ్చినవాళ్ళే మొదటిరోజు అల్లుణ్ణి ఇవ్వాలి. చిన్నది చేరిన రోజు పెద్దక్క ఇంట్లో మూలపడి ఉన్న పాత రేడియో పగలగొట్టి, దాని స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకి, కొంగుకి తుడిచి దాని అరచేతిలో పెట్టింది. "నీ అల్లుడే, జాగ్రత్తగా చూసుకో" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

చిన్నది గచ్చు మీద తడుముతుండగానే కాంట్రాక్టరు వచ్చాడు. వాడికి ఒక సోకు ఉంది. షెడ్డు గడప తొక్కుతూనే లేతాకుపచ్చ అద్దాల కళ్ళజోడు పెట్టుకుంటాడు, బయటికెళ్ళగానే తీసి జేబులో వేసుకుంటాడు. ఆడవాళ్ళు దాన్ని చిలకద్దాలు అనేవాళ్ళు. చిలకద్దాలు వస్తున్నాయంటే నవ్వులు బందు.

"ఏంటి గోల?"

"సార్, కంట్లో ఏదో..." అంది చిన్నది.

"దుమ్ము. కడుక్కుని రా."

కుళాయి దగ్గరికి పోయి కడుక్కుని వచ్చింది. వచ్చి వాడి ముందు నిలబడి ఎడమకన్ను మూసి చూసింది, కుడికన్ను మూసి చూసింది. "సార్, మీకు మొహం లేదు" అంది.

ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

"ఏం కూస్తున్నావే?"

"చెవులు కనబడుతున్నాయి. వెనక గోడ కనబడుతోంది. మధ్యలో మొహం లేదు సార్. మసి ఉంది. ఎటు చూస్తే అటే వస్తోంది ఆ మసి."

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగుని పెద్దక్క చూసింది. దానికి అర్థం అప్పుడు తెలియలేదు. తర్వాత వాడు గొంతు పెంచాడు. నాటకాలన్నాడు, పని దొంగలన్నాడు, చూపు లేనిదానికి ఇక్కడేం పనన్నాడు. చిన్నదాన్ని భుజం పట్టి గేటు దాకా తోసుకుంటూ తీసుకెళ్ళాడు. అది గడప కనబడక తట్టుకుని పడింది. లేవదీయడానికి పెద్దక్క పరిగెత్తింది.

"నువ్వూ పోతావా? పో. ఇద్దరికీ కలిపి తలుపు మూస్తా."

పెద్దక్క ఆగిపోయింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఇద్దరి చేతుల మీద. ఒక జత చేతులు ఇప్పుడే బయటికి పోయాయి. తిరిగొచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా చెంచాలు చెక్కింది. ప్రతి చెంచాలోనూ తన మొహం వంకరగా కనబడింది. ఆ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. పోతూ చిన్నదాని టిఫిన్ డబ్బాతో పాటు దాని అల్లుణ్ణి కూడా పీకి ఇంటికి పట్టుకెళ్ళింది. చదువుకునే పిల్లలు అడుగుతుంటారు, అప్పుడే ఎందుకు తిరగబడలేదని. ఆకలి ఎంత పిరికిదాన్ని చేస్తుందో వాళ్ళ పుస్తకాలు ఇంకా నేర్పలేదు కాబోలు.

మర్నాడు గేటు దగ్గర కాపలావాడు చిన్నదాన్ని లోపలికి రానివ్వలేదు.

ధర్మాసుపత్రిలో కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. దీపం వేసి చూసింది, ఆర్పి చూసింది. చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"నొప్పి పుట్టిందా?"

"లేదండి. ఠప్‌మని చప్పుడైంది, అంతే" అంది చిన్నది.

"నొప్పి పుట్టదు. కంటి వెనక పొరకి నొప్పి తెలియదు. పుట్టుంటే మీరంతా ఎప్పుడో భయపడేవాళ్ళు." డాక్టరమ్మ పెద్దక్క వైపు తిరిగింది. "ఆ వెలుగు కనబడదు కాబట్టి రెప్ప పడదు. మెరిసే చెంచా తగిలి వెనక్కి కొడుతుంది. కంట్లో ఉన్న లెన్సు దాన్ని భూతద్దంలాగా ఒక్క చోటికి లాగి వెనక పొర మీద పెడుతుంది. మనుషుల మొహాలు చూసే చోటు, అక్షరాలు చదివే చోటు, సరిగ్గా అదే కాలింది. రెండు కళ్ళలోనూ."

"మళ్ళీ వస్తుందాండి చూపు?"

"వాపు తగ్గితే చుట్టూ కొంచెం తేరుకోవచ్చు. మధ్యలో కాలింది తిరిగి రాదమ్మా."

 చిన్నది చీర అంచుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మేం అప్పుడప్పుడూ ఎండకి పెట్టుకునే నల్లద్దాలు పెట్టుకుంటామండి. అవి ఉంటే మంచిదేనా?" అంది పెద్దక్క.

"ఇంకా చెడ్డది. నల్లద్దాల వెనక చీకటికి కంటిపాప పెద్దదౌతుంది. వాకిలి బార్లా తీసి దొంగని పిలిచినట్టు. ఆ మెషిన్ వెలుగుకని విడిగా చేసిన అద్దాలుంటాయి. ఒక్కో లేజర్‌కి ఒక్కో రకం. మీ మెషిన్లకి పనికొచ్చేవి చాలామటుకు లేతాకుపచ్చగా ఉంటాయి. చూస్తే ఇవేం ఆపుతాయిలే అనిపిస్తుంది."

పెద్దక్క ముందుకి వంగింది. "ఏ రంగన్నారు?"

"లేతాకుపచ్చ. అయినా అవి ఆఖరి కాపు. మొదటి కాపు మూత. మూత పడుంటే వెలుగు బయటికి రాదు, తీస్తే మెషిన్ ఆగుతుంది. మరి తీసినా ఎలా నడిచింది?"

పెద్దక్క తన అరచెయ్యి చూసుకుంది. ఆమెకి కాంట్రాక్టరు వేసిన ఆ వెనకడుగు గుర్తొచ్చింది. చిన్నది మసి కనబడుతోందన్నప్పుడు వాడికి ఆశ్చర్యం కలగలేదు. భయం కలిగింది. వాడికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే తన కళ్ళకి అద్దాలు పెట్టుకుని, వీళ్ళ మధ్య ఊరేగాడు. వాడి గుట్టు వాడి ముక్కు మీదే ఉంటే, ఇన్నాళ్ళూ అది సోకనుకుని నవ్వారు.

ఇంటికొచ్చాక అత్త చిన్నదాని పసిబిడ్డని తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది. చిన్నది పసిదాన్ని ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత తల పక్కకి వంచింది, పిట్ట వంచినట్టు. మళ్ళీ అటు వంచింది.

"బిడ్డ ఇక్కడుంటే గోడకేసి చూస్తావేమే?" అంది అత్త.

"గోడకేసి చూస్తేనే బిడ్డ కనబడుతోంది అత్తా. సూటిగా చూస్తే లేదు."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దక్క పెరట్లోకి పోయి బట్టలుతికే బండ మీద కూర్చుంది. తను పగలగొట్టిన రేడియో డొక్కు గోడవార ఇంకా పడి ఉంది. దాన్ని చూస్తూ పళ్ళు నూరింది. 'నా చేత్తో ఇచ్చాను. నా చేత్తోనే తీస్తా. వాడి కళ్ళు తీస్తా' అనుకుంది.  పగకి ఒక దారి దొరికితే మనిషికి నిద్ర పడుతుంది.

తెల్లారి షెడ్డుకి పోయింది. ఎప్పటికంటే మర్యాదగా ఉంది. కాంట్రాక్టరు వరస వెంట నడిచి వచ్చే వేళ, వాడు ఎక్కడ నిలబడతాడు, ఎక్కడ వంగుతాడు, ఎప్పుడు చెమట తుడుచుకోవడానికి అద్దాలు నుదుటి మీదికి తోస్తాడు, అన్నీ చూసి పెట్టుకుంది. మధ్యాహ్నానికి ఒక చెంచాని కాడ వైపు కాకుండా గిన్నె వైపు తిప్పి, వెలుగు దాని మీంచి ఎగిరి వాడి కళ్ళలో పడేలా మెషిన్లో పెట్టి వేచి చూస్తోంది.

మెకానిక్ బాబాయ్ వెనకనుంచి వచ్చి మెషిన్ తాళంచెవి తిప్పి పీకేశాడు. ఆ మెషిన్లన్నీ బాగుచేసేది ఆయనే. మాట తక్కువ, దగ్గు ఎక్కువ.

"ఇటివ్వు బాబాయ్."

"కుళాయి దగ్గరికి రా."

కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో అన్నాడు. "ఆ వెలుగు నీ మాట వినదమ్మాయ్. వాడికని పెడతావు, అది చెంచా మీంచి ఎగిరి ఎటు పోతుందో నీకు తెలుసా? పక్క మెషిన్ దగ్గర పాలామె ఉంది. దాని పక్కన కడుపుతో ఉన్న పిల్ల ఉంది."

"వాడు అద్దాలు తీసినప్పుడే..."

"వాళ్ళకి అద్దాలే లేవు కదే."

పెద్దక్క ఆయన వైపు మంటగా చూసింది. "అయితే ఏం చెయ్యమంటావు? దండం పెట్టమంటావా? చిన్నది గోడకేసి చూసి బిడ్డకి ముద్దు పెడుతోంది బాబాయ్! నాకు వాడు గుడ్డోడై తడుముకుంటూ తిరగాలి. నా గుమ్మం ముందు తిరగాలి."

"నాకూ కావాలి. కానీ వాడు గుడ్డోడైతే ఏమౌద్ది? ఇంకోడొస్తాడు. ఇంకో అద్దాలు పెట్టుకునొస్తాడు. నువ్వు జైల్లో ఉంటావు, ఇక్కడ మూతలు తెరిచే ఉంటాయి."

ఆ రోజు అన్నాల వేళ షెడ్డు వెనక నీళ్ళ తొట్టి చుట్టూ అందరూ చేరారు. టిఫిన్ డబ్బాలు తెరవలేదు. డాక్టరమ్మ చెప్పింది పెద్దక్క చెప్పింది. రెప్ప ఎందుకు పడదో, నొప్పి ఎందుకు పుట్టదో చెప్పింది. చిలకద్దాల సంగతి చెప్పేసరికి గుంపులోంచి ఒక మూలుగు లేచింది.

పాలామె, తెల్లారగట్ల ఇంటింటికీ పాలు పోసి ఆ తర్వాత షెడ్డుకొచ్చే మనిషి, చేతులు తిప్పుతూ లేచింది. "అంతా నిజమే తల్లీ. కానీ అల్లుళ్ళని పెట్టుకుంది మనమే కదా. వాడేమన్నా మన చెయ్యి పట్టుకుని పెట్టించాడా? రేపు పోలీసులొచ్చి అడిగితే ఏం చెబుతాం? ఇంట్లోంచి తెచ్చి మరీ పెట్టుకున్నామని చెబుతామా?"

 అందరి మనసులో పీకుతున్న ముల్లు అదే. పెద్దక్క తల దించుకుంది. రేడియో డొక్కు కళ్ళముందు కదిలింది.

మెకానిక్ బాబాయ్ దగ్గి గొంతు సవరించుకున్నాడు. "మెషిన్లు దిగినరోజు నేర్పడానికి ఒక కుర్రాడొచ్చాడు. మూత తెరిచి నడపొద్దని కాంట్రాక్టరుకి మూడుసార్లు చెప్పాడు. నేను పక్కనే ఉన్నా. 'మూత వేస్తూ తీస్తూ చేస్తే ఇన్నే అవుతాయి' అని కూడా చెప్పాడు. వాడు తల ఊపాడు. మర్నాడు మీకు చెప్పింది దానికి రెట్టింపు."

"నువ్వు విన్నావా?" పాలామె ఆయన మీదికి లేచింది. "విని ఊరుకున్నావా? నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"ఉద్యోగం పెట్టుకున్నా."

ఆ మాటకి తిట్టడానికి లేచిన నోళ్ళు కూడా ఆగిపోయాయి. అందరి నోట్లోనూ అదే ఉంది మరి.

అప్పుడు పెద్దక్క లేచి నిలబడింది. "పెట్టింది నా చెయ్యే. చిన్నదానికి ఇచ్చింది కూడా ఈ చెయ్యే. దాచను. కానీ మూతతో కాని పని చెప్పిందెవరు? అవదని తెలిసి చెప్పిందెవరు? మనం ఎలా చేస్తున్నామో రోజూ వచ్చి చూసి, తన కళ్ళు మాత్రం కప్పుకుందెవరు? వాడు మన చేతులతోనే మన కళ్ళు పొడిపించాడు. పైగా మనల్నే దోషుల్ని చేసి చావమంటాడు. నేను చావను. నాకు వాడి మీద పగుంది. మీకు లేదా?"

"ఉంది!" అంది కడుపుతో ఉన్న పిల్ల. ఆ పిల్ల గొంతు అంత గట్టిదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

షెడ్డు తగలబెడదామన్నారు ఒకరు. తగలబడితే వాడికి బీమా, మనకి బూడిద అన్నారు ఇంకొకరు. వాణ్ణి గోనెలో కట్టి కొడదామన్నారు. వాదన చెడ్డగా పెరిగింది. చివరికి పాలామే అంది, "ఆ అద్దాలు వాడి మొహమ్మీంచి లాగి, ఇప్పుడు నిలబడరా అని మెషిన్ ముందు నిలబెడితే?"

పెద్దక్క కళ్ళు మెరిశాయి. "రేపు సరుకు చూడ్డానికి హోటళ్ళవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు నిలబెడదాం."

"వాళ్ళు వచ్చే వేళకి నీ మెషిన్ లోపలి తీగ నేను ఊడదీసి పెడతా. అసలు వెలుగు రాదు. ఎర్రచుక్క మాత్రం వెలుగుతుంది" అన్నాడు బాబాయ్.

"వాడి కళ్ళు కాపాడ్డానికా?" పెద్దక్క చివ్వున తిరిగింది.

"మన కళ్ళు కాపాడ్డానికి. వాడి కళ్ళు కూడా ఉండాలమ్మాయ్. లేకపోతే ఆ రోజు మన మొహాలు ఎలా చూస్తాడు?"

పెద్దక్క ఆ మాట కాసేపు నమిలింది. అవును, చూడాలి. చిన్నది వాడి మొహం చూడలేకపోయింది. వాడు మాత్రం వీళ్ళ మొహాలు ఒక్కటీ వదలకుండా చూడాలి, జీవితాంతం మర్చిపోలేనంతగా. ఈ పగ మొదటిదానికంటే పెద్దదనిపించింది.

మర్నాడు పొద్దున షెడ్డులో ఎన్నడూ వినని చప్పుడు వినిపించింది. టక్కుటక్కుమని అల్లుళ్ళు ఊడుతున్నారు. ఎవరి అల్లుణ్ణి వాళ్ళు పీకి కొంగున ముడేసుకున్నారు. వెలుగు తగిలి ఎగురుతుందని చేతి గాజులూ ఉంగరాలూ తీసేసి, మూతలు దించి పని మొదలుపెట్టారు. చెంచా పెట్టడం, మూత వెయ్యడం, ఆగడం, తియ్యడం. మెషిన్లు మొదటిసారి వాటిని చేసినవాడు చెప్పినట్టు నడిచాయి. రోజూ పొర్లిపోయే బుట్టల్లో అడుగు కూడా కప్పబడలేదు.

కాంట్రాక్టరు హోటళ్ళవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ గేటు దగ్గరే చిలకద్దాలు ఇచ్చారు. ఒక్కరి కంటికీ తక్కువ కాలేదు. ఇస్త్రీ బట్టల్లో వాళ్ళంతా ఒకే గూట్లో చిలకల్లా ఉన్నారు. వాడి చూపు బుట్టల మీద పడింది, మొహం మాడిపోయింది. పెద్దక్క దగ్గరికొచ్చి పళ్ళ సందునుంచి అడిగాడు.

"అల్లుళ్ళేరీ?"

వాడికి ఆ పేరు కూడా తెలుసన్నమాట. "వాళ్ళింటికి పోయారు సార్" అంది పెద్దక్క, అందరికీ వినబడేలా.

"పెట్టు."

"మూత తెరిచి చేస్తే కళ్ళు పోతాయటగా?"

హోటళ్ళవాళ్ళు తలలు తిప్పారు. కాంట్రాక్టరు గలగలా నవ్వాడు. "ఎవరో పుట్టించిన పుకారండీ. ఇన్నాళ్ళనుంచి ఇలాగే చేస్తున్నారు, ఏం కాలేదు. ఒకామె కంట్లో దుమ్ము పడింది, దానికే ఇంత రాద్ధాంతం. భయపడాల్సిందేం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు."

"ప్రమాణంగా?"

"ఏం లేదంటున్నాగా!"

పెద్దక్క కొంగు ముడి విప్పింది. అల్లుణ్ణి తీసి స్విచ్చికి అంటించి, మూత బార్లా తెరిచి, చెంచా లోపల పెట్టింది. ఎర్రచుక్క చెంచా మీద పడి వణికింది. వెనకనుంచి ఆడవాళ్ళు వచ్చి దగ్గరగా నిలబడ్డారు. వాడికి వెనక్కి దారి లేదు. ఆమె చెయ్యి చాచి, బిడ్డ మొహమ్మీద ఈగని తోలినంత తేలిగ్గా వాడి అద్దాలు లాగేసింది.

"అయితే నా పక్కన నిలబడండి సార్. మేం నిలబడ్డట్టే. ఒక్క చెంచా. ఒక్కటే."

బొత్తాం మీద వేలు పెట్టింది.

వాడు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. బల్ల కింద దూరబోయాడు. దూరలేక మోకాళ్ళ మీద పడ్డాడు. "ఆపవే! కళ్ళు పోతాయే! మూత వెయ్యి! ఎవరన్నా మూత వెయ్యండి!" వాడి అరుపు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది.

 పెద్దక్కకి ఒంట్లో ప్రతి నరమూ తీయగా అనిపించింది. పగ తీరడమంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలియదు. సిగ్గుపడలేదు కూడా.

మెకానిక్ బాబాయ్ మెషిన్ వెనకనుంచి ఊడదీసిన తీగని పైకెత్తి చూపించాడు. "వెలుగు రాదు. లేవండి సార్. నాటకాలాడకండి."

"కళ్ళు తెరిచి చూడు" అంది పెద్దక్క. "మమ్మల్ని చూడు. మొహాలన్నీ చూడు. నీకు తెలుసు. దుమ్ము కాదని మొదటినుంచీ తెలుసు. ఇప్పుడు నీ నోటితోనే చెప్పావు, ఇంతమంది విన్నారు."

హోటళ్ళవాళ్ళు తమ మొహాల మీది అద్దాలు తడుముకున్నారు. ఒకాయన "మాకు ఇవి ఇచ్చింది ఇందుకా?" అన్నాడు.  వాళ్ళు గేటు వైపు నడిచారు. జాలిపడి కాదు. రేపు చెంచాతో పాటు ఈ కథ కూడా తమ బల్లల మీదికి వస్తుందేమోనని భయం.

చిలకద్దాలు గుంపులో చేతులు మారాయి. ఒక్కొక్కరూ పెట్టుకుని చూశారు. "ఇంతేనా?" అంది పాలామె, "ఇంత తేలికా! ఇదేనా మనకి ఇవ్వలేకపోయింది!"  ఆ పూట ఎవరూ మెషిన్ ముట్టలేదు. మనిషికో జత అద్దాలు, మూత లేకుండా ఒక్క చెంచా కూడా లేదు, మూతలోంచి పని చూసుకోవడానికి వెలుగుని ఆపే కిటికీ అద్దం, అందరి కళ్ళకీ పరీక్ష, చిన్నదానికి వైద్యం, చూపు లేకపోయినా చేతులతో చేసుకునే పని. అవి ఇచ్చేదాకా కూర్చుంటామని గచ్చు మీద కూర్చున్నారు.

వాడు ఇచ్చింది పోలీసుల్ని. ఎండ ఇంకా తగ్గకముందే వ్యాను వాకిట్లో ఆగింది. దొంగతనం, దౌర్జన్యం అని వాడు ఫిర్యాదు పెట్టాడు.

"అద్దాలు ఎవరు తీసింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను" అంది పాలామె. "నేను" అంది కడుపుతో ఉన్న పిల్ల. "నేనండి" అని బాబాయ్ దగ్గాడు. వరసగా లేచి నిలబడ్డారు. పెద్దక్క వాళ్ళని తోసుకుంటూ ముందుకొచ్చి అద్దాలు ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది.

"తీసింది నేనే. రాసుకోండి. ఏం తీశానో కూడా సరిగ్గా రాయండి. కళ్ళు పోకుండా కాపాడే అద్దాలు. రోజూ షెడ్డు మొత్తానికి ఉండేది ఒక్క జత. అదీ ఎవరి మొహమ్మీద ఉందో రాయండి."

ఆయన రాయలేదు. ఆమెని వ్యాను ఎక్కించాడు.

అప్పుడు గేట్లోంచి చిన్నది వచ్చింది. ఒక చేత్తో బిడ్డ, ఇంకో చేత్తో అత్త భుజం. కబురు అందిందో ఏమో, చెప్పుల్లేకుండా వచ్చింది. కాపలావాడు ఈసారి అడ్డం రాలేదు. వ్యాను దగ్గరికి వచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది. తల పక్కకి వంచింది. ఇంకొంచెం వంచింది.

"అక్కా, దొరికావు. ఇలా చూస్తే కనబడుతున్నావు" అంది.

పెద్దక్క ఊచల్లోంచి వేళ్ళు బయటికి పెట్టి దాని చెంప తడిమింది. "నిన్ను నేనే తెచ్చానే చిన్నదానా. నేనే ఇచ్చాను ఆ..."

"నోర్మూసుకో అక్కా. వాడు మోకాళ్ళ మీద పడ్డాడటగా?"

"పడ్డాడు."

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

చిన్నది నవ్వింది. ఆ రోజు చెంచా వదిలేసినప్పుడు ఆగిపోయిన నవ్వు అది. నవ్వి, రవికలోంచి ఒక నల్ల ముక్క తీసింది. పాత రేడియోలోంచి వచ్చిన అల్లుడు. దాన్ని వ్యాను రేకుకేసి కొట్టింది. టక్కున అంటుకుంది.

పాలామె కొంగు ముడి విప్పింది. టక్. కడుపుతో ఉన్న పిల్ల. టక్. తర్వాత లెక్క లేదు. వరసలు వరసలుగా వచ్చి వ్యాను తలుపులకీ, వెనక్కీ, చక్రాల పైనా అంటించారు. పోలీసులు ఒకవైపు పీకుతుంటే ఇంకోవైపు అంటుకున్నాయి. ఇన్‌స్పెక్టరు ఒకదాన్ని గోళ్ళతో లాగి లాగి, గోరు విరిగి వదిలేశాడు. కాంట్రాక్టరు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. వాడి కళ్ళకి ఇప్పుడు ఏమీ అడ్డం లేదు.

వ్యాను కదిలింది. ఒంటినిండా నల్లమచ్చలతో రోడ్డెక్కింది. ఆ రోడ్డంతా షెడ్లే, ప్రతి షెడ్డులోనూ మూతలు తెరిచిన మెషిన్లే. పక్క షెడ్డు గేటు దగ్గర టీ తాగుతున్న ఆడవాళ్ళు ఆ వ్యానుని చూశారు. ఆ మచ్చలేమిటో వాళ్ళకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. వాళ్ళ దగ్గరా ఉన్నారు అల్లుళ్ళు.

ఒకామె గ్లాసు కింద పెట్టి లోపలికి నడిచింది. వ్యాను మలుపు తిరిగేలోపు పెద్దక్కకి వినబడింది, ఆ షెడ్డు లోపలినుంచి, టక్కుటక్కుమని.